వెంట్రుకవాసి

ఔలులో ఆ గదికి రుతువుల్లేవు.
కిటికీ అవతల మైనస్ ఇరవై ఆరు,
గడ్డకట్టిన సముద్రం మీద కార్లు పోతుంటాయి.
లోపల ఎప్పుడూ ఇరవై మూడు.
యంత్రాలు రాత్రంతా మేలుకుని
ఒళ్ళు వెచ్చజేసుకుని
మాకంటే ముందే పనికి కూర్చుంటాయి.

రైలి నాకు మొదట నేర్పింది చేతులు కడుక్కోవడం.
తర్వాత, ఒంటిని కాదు, నట్టును తిప్పడం.
"సూదిని గూట్లో గిరగిరా తిప్పావంటే
రాలే బంగారుపూత నీ జీతంలోది."
వేళ్ళకు లొంగినంత వరకు వేళ్ళు,
ఆపైన టార్క్ రెంచి.
అది టిక్కుమంటుంది.
ఆ టిక్కు తర్వాత
'ఇంకొంచెం' అన్న మాట ఈ గదిలో లేదు.

ఫిబ్రవరిలో ఓ మంగళవారం
కేబుల్ టీవీ వాళ్ళ ఎనలైజర్ వచ్చింది.
దాని మూతి డెబ్బై ఐదు ఓములు, నా చేతిలోది యాభై.
మర ఒకటే, నట్టు ఒకటే, మెరుపూ ఒకటే.
లోపలి సూది మాత్రం బొద్దు.
కాస్త బిగువుగా వెళ్ళింది.
వెళ్ళింది కదా అనుకున్నాను.

తెరమీద గీత గతుక్కుమంది.
పంపిన అల గడప దాకా వెళ్ళి
ఏదో మరిచిపోయినట్టు తిరిగొచ్చింది.

రైలి ఏమీ అనలేదు.
మైక్రోస్కోపు కింద పెట్టి
పక్కకు జరిగి నన్ను చూడమంది.
సన్నని బంగారు రేకులు, నాలుగు,
విచ్చుకుని ఉన్నాయి
మళ్ళీ ముడుచుకోవడం చేతగాక.
"వెంట్రుకవాసి తేడాయే..." అని నసిగాను.
"పది వెంట్రుకలు," అంది కాఫీ పోసుకుంటూ.

ఆ వారం నుంచి ఖరీదైన ప్రతి మూతికీ
ఓ చిన్న అడ్డుముక్క తొడిగాం.
రోజంతా బిగింపులూ విప్పుళ్ళూ దానికే,
మసీ దానికే, మా తొందరా దానికే.
వెనకున్న పోర్టుకు ఏదీ తెలీదు.
ఐదొందల సార్లయ్యాక తీసి
డబ్బాలో పడేస్తాం.
ఆ చప్పుడు కూడా చిన్నదే.

తొమ్మిదేళ్ళ తర్వాత ఆడిట్ కోసం
పాత రిజిస్టర్లు దులుపుతుంటే
ఆ మంగళవారం దొరికింది.
ఇన్‌పుట్ కనెక్టర్ చెడింది.
కారణం: తప్పు అడాప్టర్.
బాధ్యులు అన్న గడిలో
నా పేరుండాల్సిన చోట
నీలిసిరాతో, నిటారుగా,
ఆర్. కివిహర్యు.

ఫోన్ చేశాను.
రిటైరయ్యాక ఆమెది దీవి కాపురం.
మంచుకు చిల్లి పెట్టి వల లాగుతోందట.
"ఏ మంగళవారం?" అంది.
కాసేపు నీళ్ళ చప్పుడు.
"కొత్తమ్మాయి ఎలా చేస్తోంది?"
నట్టే తిప్పుతోంది, అన్నాను.

నా వెనక బల్ల దగ్గర
టిక్కుమంది.
ఆమెకూ వినిపించినట్టుంది.
ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు.