షట్టర్ తెరిచి ఉన్నంత సేపు

పగలంతా జగదాంబ సందులో
పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను.
గడ్డం కొంచెం కిందికి, చెవులు కనబడాలి,
రెప్ప వేయకండి.
నూటపాతికో వంతు సెకను చాలు
ఒక మనిషి దరఖాస్తుకి సరిపోవడానికి.

రాత్రి పదకొండు దాటాక
ఫిషింగ్ హార్బర్ వెనక, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో
నాలుగు నిమిషాలు షట్టర్ తెరిచిపెడతాను.
ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.
గోడలు రెప్ప వేయవు.

హుద్‌హుద్ ఎత్తుకుపోయిన రేకుల చోట
నాలుగైదు చుక్కలు.
తుప్పు పెచ్చులు కాలి కింద
పండుగొప్ప పొలుసుల్లా చిట్లుతాయి.
స్టాండు మూడు కాళ్ళ కిందా మూడు సోడా మూతలు,
నేల ఇంకా చెమరుస్తుంది మరి,
ఇన్నేళ్ళయినా, ఎందుకో.

టార్చికి నల్ల కాగితం గొట్టంలా చుట్టి
సున్నం కొట్టేవాడి చెయ్యిలా పైనించి కిందికి,
ఆపకుండా.
ఆగితే అక్కడ తెల్లగా కాలిపోతుంది.
కంప్రెసర్ చక్రానికి పసుపు గాజు కాగితం,
ఐసు డబ్బాల వరసకి నీలం.
నల్ల చొక్కా, నల్ల చెప్పులు.
నడుస్తూనే ఉంటే ఫోటోలో నేను పడను.
వెలుగు పడుతుంది, వెలిగించినవాడు పడడు.
ఈ పని నాకు అందుకే ఇష్టమేమో అనుకున్నాను
చాలాకాలం.

కాపలా మైలపల్లి ఎల్లాజీది.
ఇరవై ఆరేళ్ళు ఇక్కడే దిమ్మలు లాగాడు,
ఇప్పుడు దిమ్మలు లేని గదికి తాళం వేస్తాడు.
పింఛను ఫోటోకి వచ్చి నా ముందు
మూడుసార్లు కళ్ళు మూశాడు; పరిచయం అదే.
బీడీ ముట్టించొద్దని రోజూ చెప్పాలి,
ఆ ఎర్ర చుక్క ఫోటోలో పురుగులా పాకుతుంది.

నిన్న రాత్రి రెండో నిమిషంలో
అడగకుండానే తన టార్చి వేసుకుని వచ్చేశాడు.
"ఆ మూల నువ్వెయ్యలేదు బాబూ."
ఆ మూల ఏమీ లేదు. ఉత్త నేల.
"దిమ్మ దిగీది ఈడే. నూటేబై కేజీలు.
మా సత్తెయ్య ఈ కొసన, నాను ఆ కొసన.
కొక్కెం జారిందా, కాలు పోయీదే."
ముగ్గు కర్ర పట్టినంత నిదానంగా
లేని దిమ్మకి నాలుగంచులూ వెలిగించాడు.
తరవాత టార్చి పైకెత్తి
ఉత్త గాలికి పట్టి, ఆపేశాడు.
ఆపకూడదని చెప్పబోయి ఊరుకున్నాను.
సత్తెయ్య అంత ఎత్తుంటాడన్నమాట.

డాల్ఫిన్ నోస్ కొండ మీంచి లైట్‌హౌసు
విరిగిన కిటికీలోంచి వచ్చి పోతూ ఉంది,
పిలవని ఇంకో చెయ్యి.

టక్కుమని మూసుకుంది.
చిన్న తెర మీద ఇద్దరం తలలు ఆనించి చూశాం.
చక్రం వచ్చింది, పసుపు కొంచెం ఎక్కువై.
డబ్బాలు బాగానే వచ్చాయి.
మూలలో నేల మీద పొడుగ్గా ఓ తెల్లని పలక,
ఇప్పుడే ఏదో కరిగి పోయినట్టు.
ఎల్లాజీ లేడు. నేనూ లేను.
గాలికి పట్టిన వెలుగు గాలికి అంటుకోక
వెనక గోడకి తగిలి ఆగింది:
మనిషెత్తున ఒక మచ్చ, అంచులు కాలిపోయి.
స్టూడియోలో అయితే చెరిపేసి మళ్ళీ తీస్తాను.

"ఈడే," అన్నాడు ఎల్లాజీ.
మనిషినన్నాడో, చోటునన్నాడో.

చక్రం పక్కన అతన్ని నిలబెట్టాను.
ముప్ఫై సెకన్లు, కదలొద్దు.
పదకొండో సెకనులో దగ్గాడు.
"రెండు ముక్కులొచ్చినాయేటి!
పింఛనోళ్ళు ఒప్పరు," అని నవ్వాడు.
ఒప్పరు.
ఇదొక్కటీ ప్రింటు వేసియ్యమన్నాడు.

మూడున్నరకి బోట్ల ఇంజన్లు మొదలయ్యాయి.
ఐసు ఇప్పుడు వేరే ఎక్కణ్ణించో లారీలో వస్తుంది,
దారంతా కారుకుంటూ.
వీధి దీపాల కింద మెరిసే ఆ తడి గీత మీదే
స్కూటర్ నడుపుకుంటూ ఇంటికొచ్చాను.