నాలుగో బల్ల

కార్డు గీకితే నక్షత్రం కనబడాలి.
గీకే గోరు నాదే,
బల్ల మొత్తానికి నోరూ నాదే.

రక్తం ఎక్కుతున్న మనిషికి వణుకు పుట్టింది, ముందేం చేస్తారు?
"దుప్పటి కప్పి డాక్టర్ని పిలుస్తాం" అన్నాను.
షమీమ్ తలూపింది.
దేవసహాయం గడియారం చూశాడు.
పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే మునికుమారి
ఏదో అనబోయి
పెన్నుకి మూత పెట్టుకుంది.

గీకాను. ఖాళీ.

అంతకుముందు ఎవరికి వాళ్లం రాసిన కాగితాల్లో
ఆమెది తీసి చూశాను:
మొదట రక్తం ఆపాలి.
"చెప్పుండొచ్చు గదమే?"
"నువ్వు అడిగితివా?"

పోయింది ఒక మార్కే.

ఆ రాత్రి రుయాలో, పదకొండో మంచం.
కొత్త గుండు, చెవుల వెనక ఇంకా చందనం,
పైన సగం దిగిన రక్తం సంచి.
పెద్దాయన పళ్లు టకటకమన్నాయి.

నా చెయ్యి మళ్లీ దుప్పటికేసే పోయింది.
ఆగి, "కుమారీ..." అన్నానో లేదో,
ఆమె బొటనవేలు అప్పటికే క్లాంపు మీదుంది.
"సిస్టర్ని పిలువు, పరిగెత్తు."
అంత గొంతు ఆమెకుందని తెలీదు నాకు.

తర్వాత కుళాయి దగ్గర
ఎంతసేపు తోముకున్నానో.
గోటి సందున
కార్డు మీది వెండిపొడి
ఇంకా కొంచెం.