పన్నెండంగుళాలు నిలువుగా

పింఛా పొంగి ఇనుప వంతెన కాలు విరిచిన ఏడు
పాకాల ఆఫీసులో నాకు అప్పగించింది
ఒక పెన్సిలు, ఒక పట్టిక, నాలుగు రోజుల గడువు.
పీలేరు అవతల మీటరుగేజీ బండి మళ్లీ నడవాలి,
కొయ్య మీద.

ఇరుసుకు ఎనిమిది టన్నులు.
దిమ్మెకూ దిమ్మెకూ మధ్య పది అడుగుల ఖాళీ.
సరిగ్గా నడిమధ్యన చక్రం ఆగిందనుకోవాలి,
దూలానికి అంతకంటే చెడ్డ క్షణం లేదు గనక.
బండి కుదుపుకి ఇంకో సగం కలిపి
ఒక్కో పట్టా కింద ఉండాల్సిన అంకె
మూడు వందల ముప్పై ఆరని తేల్చాను.
మూడు వందల ముప్పై ఆరు ఏమిటని మా నాగభూషణి అడిగింది.
మణుగులా? రూపాయలా?
వెడల్పును ఒకసారి, లోతును రెండుసార్లు గుణించి
ఆరుతో భాగిస్తే వచ్చేదన్నాను.
ఆమె చారు పొయ్యి దించడానికి వెళ్లిపోయింది.

భాకరాపేట డిపో నుంచి మద్ది దూలాలు దిగాయి,
ఎనిమిదీ పన్నెండూ కోత, పట్టాకు రెండేసి.
నిలబెడితే జతకు మూడు వందల ఎనభై నాలుగు.
పడుకోబెడితే రెండు వందల యాభై ఆరు.
మాను అదే, బరువు అదే, డిపో రసీదూ అదే.

చీకటి పడేసరికి కూలీలు మూడింటిని పడుకోబెట్టేశారు.
తప్పు పట్టలేను.
పడుకున్న దూలం దొర్లదు,
చూసేవాడికి అదే క్షేమంగా కనిపిస్తుంది.
పెట్రోమాక్సు వెలుగులో మళ్లీ ఎత్తించాం.

రంపం మేస్త్రీ చెంగల్రాయుడు
బాడిస వెనకతో తట్టి, చెవి ఆనించి,
ఏడో దూలం దగ్గర ఆగాడు.
"దీని కడుపున ముడి ఉండాది సామీ."
నా పట్టికలో ముడికి గడి లేదు.
పారేద్దామా అన్నాను.
"పారేసేదెందుకు? తిరగెయ్యి.
నొక్కితే ముడి ఓర్చుకుంటాది. లాగితేనే ఓర్చుకోదు."

విరిగే బలంలో ఆరో వంతే నమ్మమని రాసి ఉంది పుస్తకంలో.
అప్పటిదాకా దాన్ని భాగహారమే అనుకున్నాను.
మిగిలిన ఐదు వంతులు
లోపల కనపడని పగులుకి, నానిన చివరకి, చెదకి,
రాత్రి రెండింటికి ఒక సున్నా మరిచిపోయే గుమాస్తాకి.

మొదటి ఇంజను వచ్చే పొద్దున
దూలం ఎంత వంగుతుందని అడిగాడు మేస్త్రీ.
అంగుళంలో పదో వంతుకి కాస్త తక్కువన్నాను.
అతను మూటలోంచి ఒక కందిబేడ తీసి
వేళ్ల మధ్య తిప్పి చూపించాడు.
"ఇంతే కదా?"
ఇసకలో గూటం దిగ్గొట్టి, దూలానికి రెండు బేడల ఎడం వదిలి,
ఒక బేడ గూటం నెత్తిన పెట్టాడు.

ఇంజను నడిచే మనిషిలా వచ్చింది.
మద్ది ఒకసారి మూలిగింది. నేను అటు చూడలేదు,
బేడనే చూస్తున్నాను.
దూలం దిగి, దాన్ని తాకి, లేచిపోయింది.
బేడ చిట్లలేదు.
మేస్త్రీ దాన్ని నోట్లో వేసుకుని
ఎనిమిదో దూలం వైపు నడిచాడు.

పదిహేడు నెలలకు కొత్త ఇనుము వచ్చింది,
కొయ్యంతా వేలంలో పోయింది.
పీలేరు స్టేషను బయట టీ అంగడి ముందు
ఒక బెంచీ ఉంది, పన్నెండు వెడల్పు, ఎనిమిది లోతు,
పడుకోబెట్టి.
నలుగురు ముసలివాళ్లకూ ఒక మేకపిల్లకూ
ఏ లెక్కన చూసినా చాలు.
అయినా కూర్చునే ముందు
వంగి, దాని కడుపు కింద చెయ్యి పెట్టి
తడుముతాను.