లేనిదాన్ని ఎన్నింటికి తెరుస్తారు

వంటింటి బల్ల మీద అలెగ్జాండ్రియా పరిచాడు చక్రపాణి.
మడతలు లేవకుండా
ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల నా కళ్ళజోడు,
మధ్యధరా సముద్రం మీద టీ కప్పు.
కప్పు తీశాక గోధుమరంగు దీవి ఒకటి మిగిలింది.
దీన్నీ చూడాలా అన్నాను.
నవ్వలేదు.

మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు.
అంతకు మించి సెలవు లేదు నాకు.
సండర్‌లాండ్ కంటి ఆసుపత్రిలో
ఊరి శుక్లాలన్నీ నా కోసం వరసలో కూర్చున్నాయి.

అతను మనిషి కాడు, రైల్వే టైంటేబులు.
తొమ్మిదింటికి గ్రంథాలయం,
పదకొండుకి నేలకింది సమాధులు.
వాటిని కనిపెట్టింది కాలు జారిన గాడిదట.
ఆ గాడిద దగ్గర ప్లాన్ లేదుగా అన్నాను.
ట్రామ్ నడుస్తుందో లేదో,
నడవకపోతే టాక్సీ,
టాక్సీవాడు ఎంత చెబితే ఎంతకి దిగాలి,
అన్నిటికీ ఒక్కో గడి.
ఒంటిగంటన్నరకి వేయించిన కాలేయం, రొట్టె.
పక్కనే ఎర్ర అక్షరాల్లో: వసు కడుపు?

పక్కింటి నోరీన్ నిచ్చెన అడగడానికొచ్చి
పటం మీదికి వంగింది.
వాళ్ళ నాన్న ఓడలో బొగ్గు తోసేవాడట,
అక్కడి నుంచి తెచ్చిన ఇత్తడి పళ్ళెం ఇంకా గోడకుందట.
ఊరి గురించి ఏం చెప్పేవాడని అడిగాను.
ఎండ, ఈగలు,
అమ్మ ఇంట్లో లేనప్పుడు ఒక ఆడపేరు.
నిచ్చెన మరిచిపోయి వెళ్ళింది.

నేనడిగింది ఒక్కటే. దీపస్తంభం.
అది కూలిపోయి వందల ఏళ్ళయింది, అన్నాడు.
తెలుసు.
దాని రాళ్ళతో కోట కట్టేశారు.
తెలుసు.
మిగిలినవి నీళ్ళ అడుగున ఉన్నాయి.
తెలుసయ్యా.
మరి లేనిదాన్ని ఎన్నింటికి తెరుస్తారు వసుమతీ,
టికెట్టెంత,
ఎంతసేపు పడుతుంది చూడ్డానికి?

నేను బందరుదాన్ని.
ఒకప్పటి మా రేవు
ఒండ్రు మేసి మేసి, పేరు మాత్రం నెమరేస్తోంది.
మా వైపు నేసిన పల్చటి గుడ్డ
ఎవరెవరి చేతులో మారి, ఏ ఒంటెల మీదో ఊగి,
నైలు మీద తేలి
రోము వాళ్ళ ఒంటికి చేరేదని ఎక్కడో చదివాను.
ఏ మూటలోనో మడతపడి
ఆ వెలుగు కింద నుంచే పోయుంటుంది.
నేసినవాడు చూడలేదు దాన్ని.
నూలు చూసింది.
ఇది ఏ గడిలో పెట్టాలో నాకూ తెలీదు,
అందుకే చెప్పలేదు.
అంట్లు తోముతూ
అక్కడ నిలబడాలనుంది, అని మాత్రం అన్నాను.

కిటికీ బయట సౌత్ షీల్డ్స్ పొగమంచు.
ఆవల, కొండ కొమ్మున, ఎర్రచారల దీపస్తంభం.
ఇది ఉంది. ఇది మనదే.
పదహారేళ్ళుగా బస్సులోంచి చూస్తున్నాం,
ఒక్కసారీ మెట్లెక్కలేదు.
పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నారు,
పెరటి వెలుగు మాటేమిటో ఎవరూ అనలేదు.
దానికీ కొలువు పోయి చాలాకాలమైంది,
ఓడలిప్పుడు దారి ఆకాశాన్నడుగుతాయి.

రాత్రి మంచినీళ్ళకి లేచాను.
లాప్‌టాప్ మూత వేయలేదు.
ఆదివారం వరసలో కొత్తగా:
నాలుగు నుంచి ఐదున్నర. కోట, ఉత్తరపు గోడ.
'ఏం చూడాలి' కింద చిన్న గీత.
'ఖర్చు' కింద సున్నా.
'గమనిక' కింద:
గాలి ఎక్కువ. శాలువా.

పొద్దున అతను పెట్టెలు తూస్తున్నాడు.
మనిషికి ఏడే కిలోలట,
నాది అరకిలో ఎక్కువుందట.
శాలువా పైకి లాగి భుజాన వేసుకున్నాను.
ఇప్పుడు తూచు.