హార్టింగ్

ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి మాట అది.
రాయికి ముఖమేదో వీపేదో
ఇంకా తెలియని రోజుల్లో.

"మనం కట్టేది రెండు గోడలు, టామ్సిన్,"
అన్నాడు ఐజాక్ ఆల్డర్సన్,
"చూసేవాళ్ళకి ఒకటే.
మధ్యలో జానెడు సందు.
ఆ సందులో కూరే చిల్లర రాళ్ళు హార్టింగ్."

పేరులోనే గుండె ఉందే, అన్నాను.

"ఉంటే ఉండనీ.
పారతో మాత్రం ఎత్తిపోయకు.
ఒక్కొక్కటీ చేత్తో పెట్టు.
కదిలితే తీసి మళ్ళీ పెట్టు."

స్వేల్‌డేల్‌లో ఈ గోడలకి సున్నం కలపరు.
సిమెంటు లేదు, బంకమన్ను లేదు.
రాయి మీద రాయి బరువే జిగురు.
గాలి అటు దూరి ఇటు పోతుంది,
గొర్రెలు పోవు.

ఫిబ్రవరి మంచు కరిగాక
మెట్‌కాఫ్ వాళ్ళ పై బీడులో నాలుగు గజాలు కూలింది.
కూలకుండా నిలిచింది కూడా
నిండు సూడి గొర్రె పొట్టలా ఉబ్బి ఉంది.
పునాది దాకా విప్పాం.

ముఖపు రాళ్ళు బంగారం,
పలకకి పలక అతికినట్టు.
లోపల చూస్తే
మట్టీ, నాచూ, బఠాణీ గింజలంత నుసీ.
ఎవరో పారతో ఎత్తి పోసేశారు.
అది వానకి నాని, మంచుకి పొంగి,
ఏడాదికింత కిందికి జారి
గోడని లోపల్నించి డొల్ల చేసింది.

"ఎవడు కట్టాడో," అన్నాను.
"తొందరలో ఉన్నవాడు," అన్నాడు,
తలెత్తకుండానే.

మోకాలెత్తు దగ్గర నా వేళ్ళకి తగిలింది
తుప్పు పట్టిన పొగాకు డబ్బా.
మూత మీద మేకుతో గీకిన రెండక్షరాలు. ఐ, ఏ.
లోపల పొగాకు లేదు.
మడత పెట్టిన కాగితం,
ముట్టుకుంటే పొడైపోయింది,
బస్సు టికెట్టో ఉత్తరమో.

అడగలేదు. అందించాను.
బొటనవేలితో అక్షరాల మీది తుప్పు తుడిచి
కోటు జేబులో వేసుకున్నాడు.
"గోడలో రాయి తప్ప ఏదీ పెట్టకూడదు," అన్నాడు
కాసేపాగి.
"కుళ్ళేది ఏదీ."

ఆ మధ్యాహ్నం
ముఖపు రాళ్ళన్నీ నాకు వదిలేశాడు,
ఆరు నెలలుగా నన్ను ముట్టనివ్వనివి.
తను బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.
సందులో చెయ్యి పెట్టి
గుప్పెడంత రాయి, గోరంత రాయి
తిప్పి, నొక్కి,
కదిలితే తీసి, మళ్ళీ పెట్టి.

గుండె రాయి చేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.
రాళ్ళేరుకొచ్చి గుండె పేర్చేవాణ్ణి
అప్పుడే చూశాను.

అయిదు దాటింది, రాళ్ళ అంచులు కనబడటం లేదు.
తలకట్టు రేపటికి మిగిలింది.
టార్చి వేసి, ఇంక చాలా, అన్నాను.

"ఇక్కడ వేలు దూరుతోంది," అన్నాడు.
"ఇంకొకటి ఇవ్వు. చిన్నది."