తిరిగి రానివాళ్లు

రాత్రి డ్యూటీ. సి హాలు, మూడో అంతస్తు.
గంటకోసారి నలభై రెండు తలుపుల కంతల్లోంచి
నలభై రెండు ఊపిరులు లెక్కపెట్టి వస్తాను.
మధ్యలో, ఫ్లాస్కులో టీ చల్లారేలోగా,
శుక్రవారం పరీక్షకి మాదిరి ప్రశ్నలు.

మొదటివి తేలిక.
పోలీసు రికార్డుకెక్కని నేరాల మొత్తాన్ని ఏమంటారు?
పుస్తకం చీకటి అంకె అంటుంది.
మా అమ్మ 'మెట్ల మీద కాలు జారింది' అనేది.

ఖైదీ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాడు,
పక్కనే గార్డు నిల్చుని ఉంది. ఆ సమ్మతి చెల్లుతుందా?
ఐదు మార్కులు.
ఆ గార్డుని నేనే. రెండు వాక్యాలు రాసి కొట్టేశాను.

పదిహేడో ప్రశ్న దగ్గర పెన్సిల్ ఆగింది.
విడుదలైనవారు నూట ఇరవై మంది.
రెండేళ్లలో తిరిగి జైలుకొచ్చినవారు నలభై ఏడుగురు.
రానివారిని సఫలులుగా లెక్కించి, సఫలత శాతం కట్టుము.

భాగహారం వచ్చు నాకు.
డెబ్బై ముగ్గురు రాలేదు.

ఫెర్గస్ రాట్రే కూడా రాలేదు.
నవంబరులో ఈ గేటు దాటించింది నేనే.
ఒక ప్లాస్టిక్ సంచి, డండీ దాకా బస్సు టికెట్టు,
వడ్రంగం క్లాసులో చేసిన పిట్టగూడు చంకలో.
"ఇంక నా మొహం చూడవు, మిస్ గెడ్డీస్."
"చూడకూడదనే నా కోరిక," అన్నాను.
అందరితో అనే మాటే.
జనవరిలో, టే నది మీది రైలు వంతెన కింద,
పోటు తీశాక, బురదలో.
మాట నిలబెట్టుకున్నాడు.

నాలుగో అధ్యాయంలో దీనికో పేరుంది:
నమూనాలో తరుగు.
తరుగు, మా తాత చేపలు తూచేటప్పుడు వాడిన మాట.

వెనక పేజీలో జవాబు: అరవై పాయింట్ ఎనిమిది.
నూట ఇరవైలో ఒక్క మనిషి ఎంతో గీసి చూశాను.
పాయింట్ ఎనిమిది.
అతన్ని ఆ వరసలోంచి పక్కన పెడితే
సరిగ్గా అరవై.

పుస్తకంలో ఆ నూట ఇరవై మందీ కల్పితమే, తెలుసు.
అయినా మార్జిన్లో రాశాను:
మిగతా డెబ్బై ఇద్దరి తలుపులు
ఎవరైనా వెళ్లి కొట్టారా?
ఈ ప్రశ్నకి మార్కుల్లేవు.

రెండయింది. లేచి టార్చి తీసుకున్నాను.
ముప్పై ఒకటో తలుపు వెనక ఎవరో మేలుకునే ఉన్నారు.
"మిస్, టైమెంత?"
చెప్పాను.
ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.