బాడుగకు ఒక మంచం

పద్దు పుస్తకంలో రాసుకున్నా:
ఇనప మంచం ఒకటి, పాతది, నవారు లేకుండా.
తీసుకుపోయినవారు: దక్షిణాఫ్రికా నాటకమోళ్లు.
మా నాయన కాలం నుంచీ ఈ గాంధీరోడ్డు అంగట్లో
కిరీటాలు, గదలు, భీముడి మీసాలు బాడుగకిస్తున్నాం గానీ
ఉత్త మంచం అడిగింది వీళ్లే.

"జర్మనీలో రాసిన నాటకమన్నా" అన్నాడు చెంగల్రాయుడు,
"వీళ్లు ఆఫ్రికాన్స్‌లోకి మార్చుకున్నారు."
మరి మన జనానికి?
"వెనక గుడ్డ మీద ఇంగ్లీషు పడతాది."
అదీ పడలేదు. మొదటి రంగంలోనే
ప్రొజెక్టరు కన్ను మూసింది.
ముందు వరసలో ప్రొఫెసర్లు మాత్రం
తలకాయలూపుతానే ఉన్నారు.

నేను పక్క తెర చాటున స్టూలేసుకుని కూర్చున్నా.
కుడి కోడుకు బోల్టు లూజు,
ఎవురికన్నా దెబ్బ తగులుతాదేమోనని.

రంగం మీద మంచం తప్ప ఏమీ లేదు.
దాని మీద ఎవురూ లేరు.
పక్కన ఒకామె, పాకాల సంతలో
చింతపండు అమ్మే మనిషి రంగు,
ఆ ఇనుము మీద దుప్పటి పరుస్తాది, మడుస్తాది,
మళ్లా పరుస్తాది.
చెల్లెలు పడుకునే చోటంట.
ఒక రాత్రి లారీలో ఎక్కించుకుని పోయినారంట.
(చెంగల్రాయుడు చెప్పిందే. వాడికెవురు చెప్పినారో.)
ముగ్గురు అధికార్లొచ్చినారు కాగితాలు పట్టుకుని:
మనిషే లేనప్పుడు మంచమెందుకు, ఇచ్చేయమని.
ఇంతవరకూ నాకు భాష అక్కర్లేకపోయింది.
మండలాఫీసు వరండాలో నిలబడినోడికి
ఏ దేశం అధికారైనా అర్థమవుతాడు.

అప్పుడామె మంచం పట్టె పట్టుకుని అరిచింది:
"డీ కాటల్ బ్లై హీర్!"

కాటల్.

స్టూలు మీంచి లేచినా.
సత్యవేడు పక్క నుంచి వచ్చిన మా అవ్వ పొన్నమ్మ
సచ్చేదాకా మంచమనలేదు.
"కట్టిల్ వాకిట్లో వెయ్యిరా, గాలొస్తాది" అనేది.
అరవ మాటని మేమంతా నవ్వేవాళ్లం.
మేం నవ్విన ఆ మాట
ఎన్ని నీళ్లు తాగి, ఎవురి నోళ్లలో నానిందో,
జర్మనీ దుఃఖాన్ని నెత్తిన పెట్టుకుని
నా బాడుగ మంచం పక్కన నిలబడింది.

ఆటైనాక టీ తాగతా పేరు చెప్పింది:
హెట్టీ సెప్టెంబర్.
క్యాలెండరు చూసి పేరు పెట్టినారా అని నవ్వినా.
ఆమె నవ్వలేదు. కోపమూ రాలేదు.
మా ముత్తవ్వకు ముత్తవ్వని
ఓడలోంచి దింపి అమ్మిన నెల, అంది.
యాడనుంచి తెచ్చినారు?
'తీరం' అని ఉందంట పద్దులో.
ఏ తీరమో రాయలేదు.

పులికాట్‌కు ఇక్కడనుంచి బస్సులో మూడు గంటలు.
డచ్చోళ్లు అక్కడ మనుషుల్ని లెక్కబెట్టి
ఓడలెక్కించినారని చెంగల్రాయుడు యాడో చదివినాడు.
నేను ఆ మాట ఎత్తలేదు. నా దగ్గరేముంది సాక్ష్యం?
ఒక్క మాట. అదీ మా ఇంట్లో ఎగతాళైన మాట.

ఆమే అడిగింది, ఇనుము మీద చెయ్యేసి,
దీన్ని మీరేమంటారని.
"మంచం" అన్నాడు వాడు, బడిపిల్లోడి మాదిరి.
"కట్టిల్" అన్నాన్నేను, అడ్డం పడి.
టీ గ్లాసు ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది.
టీ చల్లారినా దించలేదు.

పొద్దున్నే మంచం తెచ్చి అంగడి ముందర దించినారు.
బోల్టు పోయింది. ముప్పై రూపాయలు.
పద్దులో చివరి గడి, 'తిరిగి వచ్చినది',
టిక్కు పెట్టడానికి పెన్ను తీసినా.
ఇంకా పెట్టలేదు.